మన దరఖాస్తులో చెన్నై ఎందుకుంది?

ఇది కొంచెం పెద్ద పోస్టు. అడ్మిషన్లు, హాస్టల్ సీట్లు, స్కాలర్‌షిప్పుల సీజన్ మళ్లీ వస్తోంది కాబట్టి ఓపిక చేసుకుని చివరిదాకా చదవమని అడుగుతున్నాం. టెన్త్, ఇంటర్ అయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు తప్పకుండా చదవండి.

మేమంటే ముగ్గురం. ఒకరిది రేపల్లె పక్కన కాలవగట్టు మీది యానాది కాలనీ. ఒకరిది బాపట్ల అవతల సముద్రం వైపు, వాళ్లూ యానాదులే. ఇంకొకరిది తెనాలి, ఎరుకల కుటుంబం. ఇంటర్ ముగ్గురం బాపట్లలో ఒకే హాస్టల్లో ఉండి చదివాం. ఇప్పుడు ఇద్దరం తెనాలి హాస్టల్లో ఉండి డిగ్రీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాం. మా ఇళ్లలో కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు. మూడోవాడు, బాపట్ల వాడు, రెండేళ్లుగా రొయ్యల చెరువుకి కాపలా ఉంటున్నాడు. మా ముగ్గురిలో లెక్కలు బాగా వచ్చింది వాడికే. వాడు చెరువు గట్టు మీద ఎందుకున్నాడో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాం.

2024 వేసవి. హాస్టల్ సీటుకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాలి. హాస్టల్ లేకపోతే మాకు డిగ్రీ లేదు. రూము అద్దె, మెస్సు ఖర్చు మా ఇళ్లలో ఎవరూ పెట్టలేరు. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ చేతికొచ్చేసరికే ఆఖరి రోజు అయింది. ముగ్గురం కలిసి రేపల్లెలో ఒక నెట్ సెంటర్‌కి పోయాం. అప్పటికే అక్కడ ఇరవై మంది నిలబడి ఉన్నారు. మా వంతు రాకుండానే షాపు కట్టేశారు. కాలనీకి వచ్చి ఒకే ఫోన్ ముందు ముగ్గురం కూర్చున్నాం.

సైటు మొదటి పేజీ టక్కున తెరుచుకుంది. నోటిఫికేషను, బొమ్మలు, సూచనలు అన్నీ ఒక్క క్షణంలో వచ్చేశాయి. హమ్మయ్య, సిగ్నల్ బాగుంది అనుకున్నాం. ఫారం నింపాం, ఫోటో ఎక్కించాం, ఓటీపీ కొట్టాం. సబ్మిట్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. నిమిషం దాటాక ఒక తెల్ల పేజీ వచ్చింది. పైన 504 అని అంకె. కింద వరసగా మూడు బొమ్మలు: ఒక కిటికీలాంటిది, ఒక మబ్బు, ఒక పెట్టె. కిటికీకి, మబ్బుకి పచ్చ టిక్కు ఉంది. పెట్టెకి ఎర్ర ఇంటూ ఉంది. మబ్బు బొమ్మ కింద ఇంగ్లిషులో 'చెన్నై' అని రాసి ఉంది. మాకేమీ అర్థం కాలేదు. రేపల్లె పిల్లల దరఖాస్తులో చెన్నై ఎందుకొచ్చింది? రాష్ట్రం తప్పు కొట్టామేమో అని ఫారం మొత్తం మళ్లీ నింపాం. మళ్లీ అదే పేజీ. ఎందుకైనా మంచిదని ఒక స్క్రీన్‌షాట్ తీసిపెట్టాం. పన్నెండు దాటింది, గడువు అయిపోయింది.

మా అమ్మ అప్పటిదాకా పక్కనే కూర్చుని ఉంది. చదువు రాదు. "ఏరా, మీకు చేతగాలేదా, వాళ్లు తీసుకోలేదా?" అని అడిగింది. మేం ముగ్గురం తలొంచుకున్నాం. మాకు చేతగాలేదనే అనుకున్నాం. ఇంగ్లిషు సరిగా రాదు, ఫోన్ పాతది, ఎక్కడో ఏదో తప్పు నొక్కి ఉంటాం అనుకున్నాం.

తెల్లారి బాపట్ల వాడు బస్సెక్కి ఇంటికి పోయాడు. ఆ రోజు మధ్యాహ్నం గడువు రెండు రోజులు పెంచారు. మేమిద్దరం మర్నాడు పొద్దున్నే పెట్టాం, పోయింది. వాడికి సొంత ఫోన్ లేదు. అయినా వాడు ఊరుకోలేదు, గడువు పెంచుతారేమోనని సాయంత్రం ఊళ్లో ఒకరి ఫోన్లో ఆ సైటు తీసి చూశాడంట. అందులో పాత తేదీయే ఉంది. అయిపోయిందిలే అనుకుని వాళ్ల నాన్నతో చెరువు మీదికి పోయాడు. చెరువు యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు. అడ్వాన్సు తీసుకుంటే ఎన్నాళ్లో మన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వాడికీ సీటు వచ్చిందనుకున్నాం మేము. మాకూ పోయిందనుకున్నాడు వాడు. నెల తర్వాత గానీ సంగతి తెలియలేదు.

ఈ ఏడాది మాకు కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపరు ఉంది. ఒకరోజు క్లాసులో సార్ బోర్డు మీద మూడు బొమ్మలు గీశారు: ఒక ఫోన్, మధ్యలో మబ్బు, అవతల ఒక పెట్టె. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ రాత్రి హాస్టల్లో పాత స్క్రీన్‌షాట్ వెతికి తీశాం. అప్పటినుంచి చదివి, అడిగి, తెలుసుకున్నది మనవాళ్లకి అర్థమయ్యేలా రాస్తున్నాం.

ముందు పేరు సంగతి. సైటు పేరు మన సౌకర్యం కోసం. నెట్‌కి అంకెలే తెలుసు. ప్రతి సర్వర్‌కి ఐపీ అడ్రస్ అని ఒక నంబరు ఉంటుంది. మనం పేరు కొట్టగానే ఫోన్ ముందు డీఎన్ఎస్ అనే వ్యవస్థని అడుగుతుంది, ఈ పేరుగలవాళ్ల నంబరు ఎంత అని. సైటు సొంతంగా నడుస్తుంటే అసలు సర్వర్ నంబరే వస్తుంది. సైటువాళ్లు సీడీఎన్ పెట్టుకుంటే సీడీఎన్ నంబరు వస్తుంది. సీడీఎన్ అంటే కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్. ఒక సైటులోని పేజీలు, బొమ్మలు, వీడియోల కాపీలని చాలా ఊళ్లలోని తమ సర్వర్లలో ఉంచి, అడిగినవాళ్లకి దగ్గర్లోంచి ఇచ్చే ఏర్పాటు అది. ఆ ఊళ్లలోని సర్వర్లని ఎడ్జ్ అంటారు, అంటే అంచు. సైటు అసలు ఉన్న చోటుని ఒరిజిన్ అంటారు. మా స్క్రీన్‌షాట్‌లో కిటికీ మన ఫోన్లోని బ్రౌజర్, మబ్బు ఎడ్జ్, పెట్టె ఒరిజిన్.

దగ్గర్లోని ఎడ్జ్ ఏదో ఎలా తెలుస్తుంది? కొన్ని సీడీఎన్‌లు డీఎన్ఎస్ దగ్గరే చూసి, అడిగినవాళ్లని బట్టి వేరే వేరే నంబర్లు ఇస్తాయి. కొన్నిటికి అన్ని ఊళ్లలోనూ ఒకటే నంబరు, దీన్ని ఎనీకాస్ట్ అంటారు. 108కి ఫోన్ చేయడం లాంటిది అనుకోండి. రేపల్లెలో చేసినా తెనాలిలో చేసినా నంబరు అదే, వచ్చే బండి మాత్రం ఆ దగ్గర్లోది. అక్కడ బండిని ఒక ఆఫీసులో కూర్చున్నవాళ్లు పంపుతారు. ఇక్కడ ఆ పని దారిలో ఉన్న రౌటర్లు చేస్తాయి.

ఇక దారి సంగతి. దగ్గర అంటే మ్యాపులో దగ్గర అని కాదు, దారిలో దగ్గర. రేపల్లె నుంచి బాపట్లకి బస్సులో చెరుకుపల్లి మీదుగా నేరుగా పోవచ్చు. రైల్లో పోవాలంటే మాత్రం రేపల్లె ఆఖరి స్టేషను కదా, భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలి జంక్షన్‌కి వచ్చి, అక్కడ చెన్నై లైను రైలు ఎక్కి బాపట్లకి దిగాలి. పక్క ఊరికి చుట్టుదారి. నెట్ కూడా రైలు లాంటిదే, పట్టా ఉన్నవైపే పోతుంది. మన సిమ్ కంపెనీ తీగలు ఎటు పోతే మన రిక్వెస్టు అటు పోతుంది. రేపల్లెలో ఉన్నవాడు పక్కింటివాడికి పంపిన ఫోటో కూడా ముందు ఎక్కడో పెద్ద ఊరికి పోయి రావలసిందే.

దీన్ని మేం స్వయంగా చూశాం. క్లౌడ్‌ఫ్లేర్ అనే సీడీఎన్ వాడే సైట్లలో ట్రేస్ అని ఒక చిన్న పేజీ ఉంటుంది. అది తెరిస్తే మన రిక్వెస్టు ఏ ఊరి ఎడ్జ్‌కి చేరిందో మూడక్షరాల్లో చూపిస్తుంది. మన స్టేషన్లకి రైల్వే వాళ్లు పెట్టిన కోడ్ లాంటిదే, కాకపోతే ఇవి విమానాశ్రయాల కోడ్‌లు. హైదరాబాద్ అయితే హెచ్‌వైడీ, చెన్నై అయితే ఎంఏఏ, ముంబై అయితే బీవోఎం. తెనాలి హాస్టల్లో ఒక సిమ్‌తో చూస్తే హైదరాబాద్ వచ్చింది. అదే గదిలో, అదే నిమిషంలో ఇంకో సిమ్‌తో చూస్తే చెన్నై వచ్చింది. సంక్రాంతికి రేపల్లెలో చూస్తే ఒకసారి ముంబై కూడా వచ్చింది. అంటే 2024లో మా ఫోన్ నుంచి పోయిన దరఖాస్తు చెన్నై ఎడ్జ్‌కి చేరింది. చెన్నై రావడం తప్పేమీ కాదు. మా ఫోన్ పని చేసింది, మా సిగ్నల్ పని చేసింది, మేం నొక్కిన బటను పని చేసింది అనడానికి ఆ పేరే సాక్ష్యం. మేం దాన్ని చూసే భయపడ్డాం.

దగ్గర్లో ఎడ్జ్ ఉంటే లాభం ఎంత? ఫైబర్ తీగలో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అమెరికా తూర్పు తీరంలో ఉన్న సర్వర్ మనకి 13,000 కిలోమీటర్లకు పైనే. ఒకసారి పోయి రావాలంటే ఎంత బాగా పోయినా 130 మిల్లీసెకన్లు దాటుతుంది. పైగా ఒకసారితో కాదు. ముందు కనెక్షన్ కుదరాలి, తర్వాత తాళం కుదరాలి, అంటే బ్రౌజర్లో కనిపించే ఆ తాళం గుర్తు, ఆ తర్వాతే అసలు అడగడం. మామూలుగా మూడు ట్రిప్పులు. హైదరాబాద్ ఎడ్జ్ మనకి సుమారు 300 కిలోమీటర్లు. పోయి రావడానికి తీగలో పట్టేది 3 మిల్లీసెకన్లు. సిగ్నల్ సరిగాలేని మన కాలనీల్లో ఈ తేడా బాగానే తెలుస్తుంది.

ఎడ్జ్ దగ్గర ఏం జరుగుతుంది? కిరాణా కొట్టులో జరిగేదే. రేపల్లె కొట్టులో సబ్బు అడిగితే అలమరలోంచి తీసి ఇస్తాడు. లేకపోతే తెనాలి హోల్‌సేల్ నుంచి తెప్పించి మనకొకటి ఇచ్చి, ఇంకొన్ని అలమరలో పెట్టుకుంటాడు, తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తాయి. ఎడ్జ్‌లో ఆ అలమర పేరు కాష్. కాష్‌లో ఉంటే హిట్ అంటారు, లేకపోతే మిస్ అంటారు. మిస్ అయితే ఎడ్జే ఒరిజిన్‌కి పోయి తెచ్చుకుంటుంది. కొన్ని సీడీఎన్‌లలో మధ్యలో తెనాలి లాంటి ఇంకో పెద్ద అలమర కూడా ఉంటుంది, చిన్న ఎడ్జ్‌లు ముందు దాన్ని అడుగుతాయి.

యూట్యూబ్ వీడియోలు మన ఫోన్లలో అంత తేలిగ్గా ఆడటానికి కారణం ఇదే. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ వాళ్లయితే తమ కాష్ పెట్టెల్ని నేరుగా ఇంటర్నెట్ కంపెనీల దగ్గరే పెట్టించారు. 2023 నవంబర్ 19న ప్రపంచకప్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. ఇంతమందికి ఒక్క చోటి నుంచి వీడియో పంపడం ఎవరి వల్లా కాదు. వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఆ ముక్కల కాపీలు ఊరూరి ఎడ్జ్‌లలో పెడితేనే అది సాధ్యం. మన టెన్త్, ఇంటర్ రిజల్ట్స్ రోజు కూడా అలాంటిదే. బోర్డు సైటు ఒక్కటే అయితే తట్టుకోదు కాబట్టి మనబడి, ఈనాడు, సాక్షి లాంటి సైట్లలో కూడా మార్కులు పెట్టడం మనకి ఎప్పటినుంచో అలవాటు. ఇప్పుడు వాట్సాప్‌లో మన మిత్ర కూడా వచ్చింది. ఒకే సరుకు నాలుగు కొట్లలో దొరకడమన్నమాట.

ఈ ఆలోచన ఎలా పుట్టిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో ఒక స్టూడెంట్ ఉన్నాడు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ, 1995లో అమెరికాలోని ఎంఐటీలో తోటివాళ్ల ముందు ఒక సమస్య పెట్టాడు. అందరూ ఒకేసారి ఒకే సైటు మీద పడితే అది కూలిపోకుండా ఉండే దారి ఏమిటి అని. అక్కడ లెక్కల ప్రొఫెసర్ టామ్ లైటన్, పరిశోధన విద్యార్థి డేనియల్ లెవిన్ దాని మీద పని చేశారు. ఏ కాపీ ఏ సర్వర్లో ఉండాలో తేల్చే లెక్క కట్టారు. 1998లో అకమై అనే కంపెనీ పెట్టారు. మొదటి పెద్ద సీడీఎన్‌లలో అది ఒకటి. అకమై అనేది హవాయి దీవుల ఆదివాసుల భాషలో మాట, తెలివైన అని అర్థం. లెవిన్ 2001 సెప్టెంబర్ 11న అమెరికాలో హైజాక్ అయిన విమానాల్లో ఒకదానిలో చనిపోయాడు. అప్పటికి అతనికి 31 ఏళ్లు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. కాష్‌లో పెట్టగలిగింది అందరికీ ఒకేలా ఉండే సరుకు మాత్రమే. నోటిఫికేషన్ పేజీ నీకూ నాకూ ఒకటే, బొమ్మలు ఒకటే, క్రికెట్ ఒకటే. వాటిని చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పెట్టుకుని ఇవ్వొచ్చు. నీ పేరు, నీ ఆధార్, నీ కులం సర్టిఫికెట్, నీ మార్కులు కలిసిన దరఖాస్తు ఒక్కటే ఉంటుంది. దానికి కాపీ లేదు. దాన్ని తీసుకుని, చూసి, నంబరు ఇవ్వగలిగింది ఒరిజిన్ ఒక్కటే. ఎడ్జ్ దాన్ని అందుకుని ఒరిజిన్‌కి చేరవేయాలి, అంతకుమించి ఏమీ చేయలేదు. ఆఖరి రాత్రి వేలమంది సబ్మిట్లు ఒకేసారి అక్కడికి చేరాయి. ఒరిజిన్ జవాబివ్వలేదు. ఎడ్జ్ కొంతసేపు ఎదురుచూసి, మా ముందు 504 పెట్టింది. 504 అంటే, నేను అడిగాను, అవతలివాళ్లు పలకలేదు అని అర్థం. మొదటి పేజీ టక్కున రావడం, సబ్మిట్ పోకపోవడం, రెండిటికీ కారణం ఒకటే. అందరూ అడిగేది దగ్గర్లో ఉంది. మన ఒక్కరిది ఎక్కడో దూరాన, ఒకే కిటికీ దగ్గర, క్యూలో ఉంది.

ఈ మాట నెట్‌కి మాత్రమే వర్తిస్తుందని మాకు అనిపించలేదు. పథకాల ప్రకటనలు మన కాలనీల గోడల దాకా వచ్చాయి. మన ఒక్కరి కాగితం మీద సంతకం ఇంకా దూరంగానే ఉంది. 2019 అక్టోబర్ 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాక కాగితం ఇవ్వడానికి దూరం పోనక్కర్లేదు, అది నిజంగా మేలే. కానీ సచివాలయం కూడా ఎడ్జ్ లాంటిదే, అందుకుంటుంది, పైకి పంపుతుంది. తేలాల్సింది పైనే. అందుకే అక్కడ ఇచ్చాక కూడా ఎక్కడిదాకా వచ్చిందో అడుగుతూ ఉండాలి.

బాపట్ల వాడి సంగతి వేరే. వాడిది కాష్ వల్ల వచ్చిన కష్టం. అలమరలో సరుకుకి గడువు ఉన్నట్టే కాష్‌లో కాపీకి కూడా గడువు ఉంటుంది. ఈ పేజీని ఇన్ని సెకన్లు ఉంచుకోవచ్చు అని సైటువాళ్లు ముందే చెబుతారు. 86,400 అని పెడితే ఒక రోజు. ఆ రోజు లోపల ఒరిజిన్లో తేదీ మార్చినా, ఎడ్జ్‌లో పాత కాపీని తీసేయమని చెప్పకపోతే, అడిగినవాళ్లకి పాతదే పోతుంది. మన ఫోన్లోని బ్రౌజర్ కూడా ఇలాంటి కాపీలే దాచుకుంటుంది. ఆ ఫోన్ గలాయన అంతకుముందు రోజు అదే పేజీ చూసి ఉన్నాడంట. వాడు చూసింది ఆ ఫోన్లో దాచిన పాత కాపీయో, ఎడ్జ్‌లో మిగిలిపోయిన పాత కాపీయో ఇప్పుడు తేల్చలేం. ఏదైనా, వాడు చూసింది నిన్నటి పేజీ. ఒక వేలితో పేజీని కిందికి లాగి వదిలితేనే కొత్తది వచ్చేదేమో. అది వాడికి ఎవరూ చెప్పలేదు, అప్పటికి మాకూ తెలియదు. సైట్లు నడిపే పెద్దలు ఎవరైనా ఇది చదివితే మా విన్నపం ఒక్కటే. గడువు మార్చిన రోజు పాత కాపీలు తీసేయించండి. మీకది ఒక్క క్లిక్కు పని.

సీడీఎన్ ఉంటే ఇక ఏ బాధా ఉండదని కూడా కాదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పుడు ముగ్గురం ఇంటర్ రెండో సంవత్సరం, బాపట్ల హాస్టల్లోనే ఉన్నాం. కరెంటు లేదు, ఫోన్లలో సిగ్నల్ లేదు. హైదరాబాద్‌లో, చెన్నైలో ఎన్ని ఎడ్జ్‌లు ఉంటే ఏం, మన ఊరి టవర్ దగ్గర దారి తెగితే అన్నీ దూరమే. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ తీగలు చాలా వరకు కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. స్తంభం పడితే తీగ కూడా పడుతుంది.

మధ్యలో ఉన్న మబ్బు కూడా పడిపోతుంది. 2021 జూన్ 8న ఫాస్ట్‌లీ అనే సీడీఎన్‌లో సాఫ్ట్‌వేర్ లోపం బయటపడి ప్రపంచంలో పెద్ద పెద్ద పత్రికల సైట్లు, బ్రిటన్ ప్రభుత్వ సైటు సుమారు గంటసేపు ఆగిపోయాయి. 2025 నవంబర్ 18న క్లౌడ్‌ఫ్లేర్‌లో లోపం వచ్చి ఎక్స్, చాట్‌జీపీటీ లాంటివి కూడా చాలామందికి తెరుచుకోలేదు. లక్షల సైట్లు కొద్ది కంపెనీల మీద ఆనుకుని ఉంటే ఇలాగే ఉంటుంది.

ఇంకో సంగతి హాస్టల్ పిల్లలకి. హాస్టల్లో వైఫై ఉంటే బయటికి అందరికీ కలిపి ఒకటే ఐపీ అడ్రస్ కనిపిస్తుంది. మేం అరవై మందిమి ఉన్నా ఎడ్జ్ దృష్టిలో ఒక్కడే మనిషి. ఆ ఒక్కడే నిమిషంలో వందసార్లు రిఫ్రెష్ కొడుతున్నాడంటే ఇది మనిషి కాదు, యంత్రం అనుకుంటుంది. 429 అని పెట్టి ఆపేస్తుంది, లేదా బస్సుల బొమ్మలు చూపించి ఎన్నున్నాయో ఏరమంటుంది. మొన్న స్కాలర్‌షిప్ రోజు మాకిదే జరిగింది. వైఫై ఆపి మొబైల్ డేటా పెట్టుకుంటే తెరుచుకుంది.

ఇప్పుడు తమ్ముళ్లు, చెల్లెళ్లు గుర్తుపెట్టుకోవలసినవి:

1. ఎర్రర్ వస్తే అంకె చూడండి. 404 అయితే ఆ పేజీ అక్కడ లేదు, అడ్రస్ సరిచూసుకోండి. 403 అయితే మనల్ని రానివ్వడం లేదు. 429 అయితే మన వైపు నుంచి ఎక్కువసార్లు పోయింది, కాసేపు ఆగండి, నెట్ మార్చి చూడండి. 500, 502, 503, 504 అయితే లోపం అవతలివైపు ఉంది, ఫారం తప్పు నింపామని కంగారు పడొద్దు.

2. టైము, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలంటే అదే మన కాగితం. సర్వర్ డౌన్ అని నోటితో చెప్పడం వేరు, రాత్రి 11:42కి తీసిన 504 చూపించడం వేరు.

3. సబ్మిట్ నొక్కాక ఎర్రర్ వస్తే వెంటనే మళ్లీ నొక్కకండి, ముఖ్యంగా ఫీజు కట్టే చోట. ఒక్కోసారి దరఖాస్తు అవతలికి చేరి ఉంటుంది, తిరుగు జవాబు మాత్రమే రాదు. ముందు లాగిన్ అయి స్టేటస్ చూడండి.

4. తేదీ చూసేటప్పుడు పేజీని రిఫ్రెష్ చేయండి, లేదా ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరవండి. వేరే ఫోన్లో, వేరే సిమ్‌తో కూడా చూడండి. అయిపోయిందని ఒక్క ఫోన్ చూసి నమ్మకండి.

5. ఆఖరి రోజు దాకా ఆగొద్దు. సర్టిఫికెట్ ఆలస్యమై ఆగాల్సి వస్తే తెల్లవారుజామున పెట్టండి.

6. గడువు పెంచితే, ఫోన్ లేని వాళ్లకి కబురు చెప్పండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మేం చేయనిది ఇదే.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మా అమ్మకి ఆ స్క్రీన్‌షాట్ చూపించాం. బొమ్మలే కాబట్టి చదువు అక్కర్లేదు. ఇది మన ఫోన్, ఇది మద్రాసు, ఇది వాళ్ల ఆఫీసు అని చెప్పాం. ఆమె కాసేపు చూసి, మొదటి బొమ్మ కింద పచ్చ గుర్తు మీద వేలు పెట్టి, "ఇది మనదేనా?" అంది. మనదే అన్నాం. "అయితే ఆ రోజు చెప్పలేదేంరా, తలకాయలు దించుకుని కూర్చున్నారు" అంది.

ఆ మర్నాడు బాపట్ల వెళ్లి చెరువు గట్టు మీద వాడిని కలిశాం. అడ్వాన్సులో ఇంకా కొంత బాకీ ఉంది. మా ఇద్దరి స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి కొంత, వాళ్ల మేనమామ దగ్గర కొంత సర్దాం. ఇంటర్ మెమో ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా దాచుకున్నాడు. ఈ ఏడాది నోటిఫికేషన్ రాగానే వాడిని తెనాలికి పిలిపించుకున్నాం. గడువుకి ఆరు రోజుల ముందు, పొద్దున్న అయిదున్నరకి, వాడి చేతే సబ్మిట్ నొక్కించాం. చక్రం రెండుసార్లు తిరిగింది. దరఖాస్తు నంబరు వచ్చింది. వాడు దాన్ని అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు, స్క్రీన్‌షాట్ తీశాం కదరా అన్నా వినలేదు.

సీటు ఇంకా రాలేదు. లిస్టు వచ్చాక చెబుతాం.